రేటింగ్ ప్రోగ్రాముదా, పెట్టెదా?

అందరికీ నమస్కారం. ఇవాళ చదరంగం ఆడే ప్రోగ్రాముల (వీటినే ఇంజిన్లంటాం) రేటింగ్ గురించి మాట్లాడతాను. పెట్టె అంటే అవి నడిచే కంప్యూటరు. నేరుగా ఒక స్కోరుతోనే మొదలుపెడతాను.

2017 డిసెంబరులో గూగుల్ సంస్థ డీప్‌మైండ్ వాళ్లు ఆల్ఫాజీరో అనే తమ ప్రోగ్రాము మీద ఒక పత్రం బయటపెట్టారు. దాన్ని స్టాక్‌ఫిష్ 8 అనే ఇంజిన్‌తో 100 ఆటలు ఆడించారు. 28 గెలుపులు, 72 డ్రాలు, ఓటమి ఒక్కటీ లేదు. డ్రాకి అర చొప్పున కడితే 100కి 64. ఆటగాళ్ల బలాన్ని అంకెల్లో చెప్పే ఈలో సూత్రంలో 64 శాతం స్కోరంటే దాదాపు సరిగ్గా 100 పాయింట్ల తేడా. ఆటలు 100 మాత్రమే కాబట్టి అటూ ఇటూ 33 పాయింట్లు వదిలెయ్యాలి. సరే, 100 పాయింట్లు ఎక్కువ. ఎవరికంటే ఎవరు ఎక్కువ?

ఆల్ఫాజీరో నాలుగు టీపీయూల మీద నడిచింది. అవి న్యూరల్ నెట్‌వర్క్ లెక్కల కోసమే గూగుల్ చేయించుకున్న చిప్‌లు. స్టాక్‌ఫిష్ 64 థ్రెడ్ల (ఒకేసారి నడిచే పనుల వరుసల) సీపీయూ మీద నడిచింది, కానీ దానికిచ్చిన హ్యాష్, అంటే చూసిన పొజిషన్ల లెక్కలు దాచుకునే మెమరీ, 1 గిగాబైట్. ఒక్కో ఎత్తుకి కచ్చితంగా 1 నిమిషం. 64 థ్రెడ్లు సెకనుకి 7 కోట్ల పొజిషన్లు చూస్తుంటే 1 గిగాబైట్ హ్యాష్ ఎంతసేపు ఆగుతుంది? క్షణాల్లో నిండి, పాత లెక్కల మీద కొత్తవి పడుతూ ఉంటాయి. పైగా ఎత్తుకి ఇంత అని సమయం బిగిస్తే, కష్టమైన చోట ఎక్కువసేపు ఆలోచించి తేలికైన చోట చప్పున ఆడే తెలివి, స్టాక్‌ఫిష్‌లో ఏళ్ల తరబడి సానపట్టిన భాగం, పనికిరాకుండా పోతుంది.

మరుసటి ఏడాది డిసెంబరులో 'సైన్స్' పత్రికలో పూర్తి పత్రం వచ్చింది. ఈసారి స్టాక్‌ఫిష్‌కి 44 కోర్లు, 32 గిగాబైట్ల హ్యాష్, ఆటకి 3 గంటలు, ఎత్తుకి 15 సెకన్ల అదనం. 1000 ఆటలు. ఆల్ఫాజీరో 155 గెలిచింది, 6 ఓడింది, మిగిలిన 839 డ్రా. లెక్క కడితే 57.45 శాతం, అంటే సుమారు 52 పాయింట్లు. ఈసారి అటూ ఇటూ 8.

100 కాస్తా 52 అయింది. ఆల్ఫాజీరో గెలవలేదని కాదు, రెండుసార్లూ గెలిచింది. కానీ అంకె సగానికి పడింది. ఒకేసారి మూడు నాలుగు మార్చారు కాబట్టి హ్యాష్ వాటా ఎంత, గడియారం వాటా ఎంత అని ఇప్పుడు విడదీయలేం. నేను చెప్పదలచింది ఒక్కటే. రేటింగ్ అనేది ప్రోగ్రామొక్కదానిదే కాదు. ప్రోగ్రాము, అది నడిచిన పెట్టె, హ్యాష్, గడియారం, ఓపెనింగ్ పుస్తకం (ఆట మొదటి ఎత్తుల జాబితా), ఇవన్నీ కలిపి తూకం వేసిన బరువది. తక్కెడలో కూరగాయలతో పాటు సంచీ కూడా తూగింది. ఆ సంచీ బరువు తీసెయ్యడం ఎలా అన్నదే ఇవాళ్టి విషయం.

మొదట పాత పద్ధతి. స్వీడన్‌లో ఎస్ఎస్‌డీఎఫ్ అనే చదరంగం కంప్యూటర్ల సంఘం 1980ల నుంచి జాబితా వేస్తోంది. వాళ్లు సంచీ బరువు తీసే ప్రయత్నమే చెయ్యలేదు. రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టి, 40 ఎత్తులకి 2 గంటలు ఇచ్చి, ఒక్కో పెట్టెలో ఒక్కో ప్రోగ్రాము. జాబితాలో ప్రోగ్రాము పేరు పక్కనే పెట్టె పేరు కూడా ఉంటుంది. అదే ప్రోగ్రాము పెంటియం 90 మీద ఒక వరుస, పెంటియం 200 ఎంఎంఎక్స్ మీద ఇంకో వరుస, తర్వాత ఏఎండీ కే6-2 450 మీద మరొకటి. ఒక్కో వరుస ఒక్కో ఆటగాడన్నట్టే. ఇది నిజాయితీ గల పద్ధతి. పాత పెట్టె, కొత్త పెట్టె రెండిటి మీదా ఒకే ప్రోగ్రాము ఆడుతుంది కాబట్టి తరాల మధ్య గొలుసు తెగదు. వేగం రెట్టింపైతే ఎంత పెరుగుతుందో కూడా అలాగే తెలిసేది. ఆ రోజుల్లో రెట్టింపుకి 50 నుంచి 70 పాయింట్లు అని అందరూ నోటిలెక్కగా వాడేవారు.

ఆ పద్ధతిలో లోటు ఏమిటంటే, అది చాలా నెమ్మది. 2 గంటల గడియారంతో ఒక ఆట రోజులో సగం తినేస్తుంది. ఇవాళ్టి ఇంజిన్ల సంఖ్యకి అది సరిపోదు.

రెండో పద్ధతి సీసీఆర్ఎల్ లాంటి జాబితాలది. ఇక్కడ రెండు ఇంజిన్లూ ఒకే కంప్యూటర్లో ఆడతాయి. ఒకటి ఆలోచిస్తుంటే రెండోది ఊరుకుంటుంది, అంటే పాండర్ ఆఫ్. టెస్టర్లు పదుల మంది, పెట్టెలు పది రకాలు. అందుకని గడియారాన్ని సాగదీస్తారు లేదా కుదిస్తారు. ఒక రెఫరెన్స్ మెషిన్ అనుకుంటారు. మొదట్లో అది ఏఎండీ అథ్లాన్ 64 ఎక్స్2 4600+, 40 ఎత్తులకి 40 నిమిషాలు. తర్వాత ఇంటెల్ ఐ7-4770కే మీద 40 ఎత్తులకి 15 నిమిషాలు. మీ పెట్టె దానికంటే వేగమైతే తక్కువ సమయం, నెమ్మదైతే ఎక్కువ సమయం.

[బోర్డు మీద రాస్తూ] మాటవరసకి, రెఫరెన్స్ మెషిన్ బెంచ్‌లో, అంటే వేగం కొలిచే పరీక్షలో, సెకనుకి 12 లక్షల నోడ్లు (పొజిషన్లు) చూస్తుంది. మీ పాత ల్యాప్‌టాప్ 8 లక్షలు చూస్తుంది. 15ని 12తో గుణించి 8తో భాగించండి. 22 నిమిషాల 30 సెకన్లు. పక్కింటాయన కొత్త డెస్క్‌టాప్ 18 లక్షలు చూస్తుంది. ఆయనకి 10 నిమిషాలు. ఇంక్రిమెంట్, అంటే ఎత్తు ఆడినప్పుడల్లా కలిసే అదనపు సమయం, ఉంటే దాన్నీ అదే నిష్పత్తిలో మార్చాలి. 10 సెకన్లు ప్లస్ 0.1 అన్నది ఒకటిన్నర రెట్లు అయితే 15 ప్లస్ 0.15. మొదటిది మార్చి రెండోది మర్చిపోయేవాళ్లు చాలామంది.

ఇక్కడ ఒకటి గమనించండి. రెండు ఇంజిన్లూ ఒకే పెట్టెలో ఆడుతున్నప్పుడు, పెట్టె నెమ్మదైతే ఇద్దరికీ నెమ్మదే. బెంచ్ లెక్క 15 శాతం తప్పినా ఒకరికి అన్యాయం, ఒకరికి లాభం అని నేరుగా జరగదు. జరిగేదల్లా మీ ఆటలు కాస్త వేరే టైమ్ కంట్రోల్‌లో జరిగినట్టు అవుతుంది. చాలా జాబితాలు తట్టుకుని నిలబడటానికి కారణం ఇదే. గడియారం తప్పితే పొయ్యేది కొద్దిగానే. అసలు దెబ్బ ఇంకోచోట తగులుతుంది.

బెంచ్ నిష్పత్తి అన్ని ఇంజిన్లకీ ఒకటి కాదు. అదీ అసలు దెబ్బ. సీసీఆర్ఎల్ వాళ్లు మొదట్లో కొలకర్రగా క్రాఫ్టీ అనే ఇంజిన్ వాడారు. క్రాఫ్టీ మీద రెండు ప్రాసెసర్ల నిష్పత్తి ఒకటి వస్తుంది. ఇవాళ్టి ఇంజిన్ల మీద వేరే వస్తుంది. ఎందుకంటే 2020 సెప్టెంబరులో స్టాక్‌ఫిష్ 12 వచ్చినప్పటి నుంచి మూల్యాంకనం, అంటే పొజిషన్ ఎవరికి బాగుందో తూచడం, ప్రధానంగా ఎన్ఎన్‌యూఈ, అంటే చిన్న న్యూరల్ నెట్‌వర్క్. అది 8 బిట్లు, 16 బిట్ల పూర్ణాంకాల గుణకారాల మీద నడుస్తుంది. ఆ గుణకారాలు ఏవీఎక్స్2 అనే ఆదేశాల సెట్ ఉన్న ప్రాసెసర్లో గుంపుగా ఒక్క దెబ్బకి అయిపోతాయి. ఏవీఎక్స్2 లేని పాత ప్రాసెసర్లో చిన్న చిన్న గుంపులుగా వెళ్లాలి. క్రాఫ్టీకి ఈ తేడా కనపడనే కనపడదు.

ఇంకో ఉదాహరణ పెక్స్‌ట్ అనే ప్రాసెసర్ ఆదేశం. ఏనుగు, శకటు కదలికలు వెతకడానికి కొన్ని ఇంజిన్లు దాన్ని వాడతాయి. ఇంటెల్‌లో అది చకచకా నడుస్తుంది. ఏఎండీలో మాత్రం 2020 చివర్లో జెన్ 3 తరం వచ్చేవరకూ అది మైక్రోకోడ్‌తో, అంటే లోపల చిన్న చిన్న మెట్లుగా, నడిచేది, ఎంత నెమ్మదంటే దాన్ని వాడకపోతేనే మేలు. కాబట్టి అంతకు ముందు తరం జెన్ 2 పెట్టెలో బీఎంఐ2 బిల్డ్ (పెక్స్‌ట్ వాడేలా తయారుచేసిన ఇంజిన్ ఫైలు) వేస్తే ఇంజిన్‌ని మీ చేత్తో మీరే వెనక్కి లాగినట్టు. ఆ పెట్టెకి సరైన బిల్డ్ ఏదో చూసి అదే వెయ్యాలి.

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు, ఎవరూ చెయ్యరు అంతే. రెండు పెట్టెలు తీసుకోండి. మీరు రేటింగ్ ఇవ్వబోయే ప్రతి ఇంజిన్‌నీ రెండిటి మీదా సొంత బెంచ్‌తో కొలవండి. నిష్పత్తులు 1.5, 1.55, 1.6 ఇలా దగ్గర దగ్గరగా ఉంటే ఒకే గుణకం చాలు. ఒక ఇంజిన్‌కి 1.4, ఇంకోదానికి 1.9 వచ్చిందనుకోండి. 1.9ని 1.4తో భాగిస్తే 1.36. లాగరిథమ్ లెక్కలో అది రెట్టింపులో 0.44 వంతు. రెట్టింపుకి 60 పాయింట్లు అనుకుంటే 26 పాయింట్లు. అవే రెండు ఇంజిన్లు, అదే ఓపెనింగు, పెట్టె మారేసరికి వాటి మధ్య తేడా 26 పాయింట్లు జరుగుతుంది. ఆ రెండు పెట్టెల ఫలితాల్ని ఒకే కుండలో పోసి కలిపేసి, చివర్లో అటూ ఇటూ 5 పాయింట్లు అని రాసుకుంటాం! ఆ 5 ఆటల సంఖ్య వల్ల వచ్చే దోషం మాత్రమే. పెట్టె వల్ల వచ్చే దోషం ఎన్ని వేల ఆటలు ఆడినా తగ్గదు.

పరిష్కారం? నిష్పత్తులు మరీ చెదిరిన పెట్టెని జాబితాలో చేర్చకండి. అంతకంటే మంచి మందు లేదు. ఇంజిన్‌కో గడియారం ఇద్దామంటారు కొందరు. అప్పుడు మీరు కొలిచేది ఇంజిన్‌ని కాదు, మీ దిద్దుబాటుని.

బెంచ్ ఎలా కొలవాలో కాస్త వివరంగా చెప్తాను, తప్పులన్నీ అక్కడే జరుగుతాయి. స్టాక్‌ఫిష్‌లో బెంచ్ అని కొడితే 16 మెగాబైట్ల హ్యాష్, 1 థ్రెడ్, లోతు 13తో కొన్ని పదుల పొజిషన్లు వెతికి చివర్లో మూడు అంకెలు చూపిస్తుంది. పట్టిన సమయం, చూసిన నోడ్లు, సెకనుకి నోడ్లు. అందరూ మూడోదే చూస్తారు. ముందు రెండోది చూడండి. ఒకే వెర్షన్ అయితే చూసిన నోడ్ల సంఖ్య ప్రపంచంలో ఏ పెట్టె మీదైనా అంకెతో సహా ఒకటే రావాలి. ఒక్కటి తేడా వచ్చినా అది వేరే వెర్షనో, వేరే నెట్‌వర్కో, పాడైన బిల్డో. అప్పుడు వేగం పోల్చడంలో అర్థమే లేదు.

ఆ బెంచ్ ఇప్పటి పెట్టెల్లో ఒకటి రెండు సెకన్లలో అయిపోతుంది. ప్రాసెసర్ వేడెక్కనే వేడెక్కదు. ల్యాప్‌టాప్ మొదటి అర నిమిషం పరుగెత్తి, తర్వాత వేడికి తట్టుకోలేక వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో ఫ్యాన్ కింద ఆడించే ఆటలు, జనవరిలో ఆడించేవి ఒకటి కాకపోవచ్చు. కాబట్టి లోతు పెంచి, కనీసం రెండు మూడు నిమిషాలు నడిచేలా చూసి, ఐదుసార్లు తీసి, మధ్య విలువ తీసుకోండి. సగటు వద్దు. మధ్యలో ఏ అప్‌డేట్ నడిచినా సగటు చెడిపోతుంది.

ఇంకా ముఖ్యమైనది టర్బో, అంటే పని తక్కువున్నప్పుడు ప్రాసెసర్ వేగం పెంచుకోవడం. ఒక్క కోర్ పనిచేస్తుంటే 4.7 గిగాహెర్ట్జ్, అన్నీ పనిచేస్తుంటే 4.0 వచ్చే ప్రాసెసర్ అనుకోండి. మీరు ఒంటరిగా బెంచ్ తీసి, ఆ లెక్కతో గడియారం పెట్టి, ఆ తర్వాత ఒకేసారి 8 ఆటలు నడిపితే ఇంజిన్లకి అందేది అనుకున్నదాంట్లో 85 శాతమే. ఆటలు ఎన్ని ఒకేసారి నడుపుతారో అన్ని బెంచ్‌లు ఒకేసారి నడిపి కొలవాలి. మెమరీ దారి ఇరుకైపోయే సంగతి కూడా అప్పుడే బయటపడుతుంది. హైపర్‌థ్రెడింగ్ ఉన్న 8 కోర్ల పెట్టె 16 అని చూపిస్తుంది. 16 ఆటలు పెట్టకండి. ఒకే కోర్‌లో రెండు ఇంజిన్లు తోసుకుంటాయి, ఏది ఎప్పుడు ఎంత పొందిందో ఎవరికీ తెలియదు. 8 కోర్లుంటే 7 ఆటలు, ఒకటి ఆపరేటింగ్ సిస్టమ్‌కీ ఆటలు నడిపే ప్రోగ్రాముకీ. పాండర్ ఆన్ చేస్తే ఒక్కో ఆటకి రెండు కోర్లు లెక్కపెట్టుకోవాలి.

స్టాక్‌ఫిష్ వాళ్ల ఫిష్‌టెస్ట్ 2013 నుంచి ఇలాంటి పనే ఆటోమేటిక్‌గా చేస్తోంది. లోకంలో ఎవరి పెట్టె అయినా చేరవచ్చు. పని మొదలుపెట్టే ముందు బెంచ్ తీసి, రెఫరెన్స్ వేగంతో పోల్చి, గడియారాన్ని సర్దుతుంది. మరీ నెమ్మదైన పెట్టెకి పనే ఇవ్వదు. వాళ్ల సమస్య మనకంటే తేలిక. ఒకే ఇంజిన్ కొత్త రూపానికీ పాత రూపానికీ పోటీ, నిష్పత్తి చెదరదు. జాబితా వేసేవాళ్లకి ఆ వెసులుబాటు లేదు.

హ్యాష్ గురించి ఒక మాట. గడియారం సాగదీశాం కదా, హ్యాష్ కూడా సాగదీయాలా? వద్దు. హ్యాష్ నిండేది సెకన్లని బట్టి కాదు, నోడ్లని బట్టి. మీరు గడియారం మార్చిందే నోడ్లు సమానం కావాలని. కాబట్టి 256 మెగాబైట్లు అంటే అన్ని పెట్టెల్లోనూ 256. లార్జ్ పేజెస్ అనే మెమరీ సెట్టింగ్ ఒక పెట్టెలో ఆన్, ఇంకో పెట్టెలో ఆఫ్ ఉంటే మాత్రం వేగం మారుతుంది. ఆ సెట్టింగ్‌తోనే బెంచ్ తీయండి.

ఎండ్‌గేమ్ టేబుల్ బేస్‌లు, అంటే పావులు కొన్నే మిగిలిన పొజిషన్లకి ముందే కట్టిపెట్టిన జవాబులు, ఇంకో చిక్కు. సిజిజీ 6 పావుల సెట్ సుమారు 150 గిగాబైట్లు. దాన్ని పాత హార్డ్ డిస్క్‌లో పెట్టి వేగం ఆట ఆడిస్తే, వెతుకులాట మధ్యలో ఇంజిన్ డిస్క్ కోసం కాచుకుని కూర్చుంటుంది. గడియారం మాత్రం ఆగదు. ఎస్ఎస్‌డీ లేకపోతే 5 పావులతో సరిపెట్టుకోండి, అది 1 గిగాబైట్ లోపే ఉంటుంది, ర్యామ్‌లోనే ఇమిడిపోతుంది.

కుదించకూడనిది కూడా ఒకటుంది. ఆటలు నడిపే ప్రోగ్రాముకీ ఇంజిన్‌కీ మధ్య మాటలు వెళ్లి రావడానికి ఎత్తుకి 10 మిల్లీసెకన్లు పోతుంది అనుకోండి. 0.1 సెకను ఇంక్రిమెంట్‌లో అది పదో వంతు. రెట్టింపు వేగం పెట్టెలో ఇంక్రిమెంట్‌ని 0.05కి దింపితే ఐదో వంతు. ప్రాసెసర్ వేగమైనా ఆ 10 మిల్లీసెకన్లు అంతగా తగ్గవు. గడియారం తగ్గించేకొద్దీ సమయం మీరి ఓడిన ఆటలు కనిపిస్తే కారణం ఇదే. అలాంటి ఓటములు 1000కి ఒకటి రెండు మించితే ఆ పెట్టె ఫలితాలు పక్కన పెట్టి, మూవ్ ఓవర్‌హెడ్, అంటే ఈ ఆలస్యం కోసం ఇంజిన్ వదిలిపెట్టే సమయం, పెంచి మళ్లీ ఆడించండి.

అయితే గడియారం గొడవే లేకుండా ఎత్తుకి ఇన్ని నోడ్లు అని బిగిస్తే? ఏ పెట్టె అయినా ఒకటే ఫలితం. ఒక్క థ్రెడ్‌తో నడిపితే ఆట మొత్తం అక్షరం పొల్లు పోకుండా మళ్లీ అదే వస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది, కానీ వేర్వేరు ఇంజిన్ల మధ్య ఇది అన్యాయం. నోడ్ అంటే ఒక్కో ఇంజిన్‌లో ఒక్కో అర్థం. ఒకరు చిన్న లెక్కతో కోటి చూస్తారు, ఇంకొకరు పెద్ద నెట్‌వర్క్‌తో వేలు చూస్తారు. నోడ్లు సమానం చేస్తే పెద్ద నెట్‌వర్క్‌కి అయ్యే ఖర్చు మాఫీ చేసినట్టే. సొంత ఇంజిన్‌లో ఒక పరామితి మార్చి చూసుకోవడానికి మాత్రమే వాడండి.

ఇక జీపీయూ. లీలా లాంటి పెద్ద న్యూరల్ నెట్‌వర్క్ ఇంజిన్ జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) మీద, స్టాక్‌ఫిష్ సీపీయూ మీద. ఇక్కడ గడియారం గుణకం ఏదీ పనికిరాదు, ఉమ్మడి బెంచే లేదు. 2017 పత్రం అంకెలతో ఒక కొలత వాడుకలోకి వచ్చింది. స్టాక్‌ఫిష్ 7 కోట్లు, ఆల్ఫాజీరో 80 వేలు. భాగిస్తే 875. మీ దగ్గర స్టాక్‌ఫిష్ వేగాన్ని లీలా వేగంతో భాగిస్తే 875 వస్తే లీలా నిష్పత్తి 1 అన్నమాట. ఈ కొలత ఒకే ఒక్క పాత పోటీ పరిస్థితిని నకలు చేస్తుంది. అది న్యాయమైన పరిస్థితి అని ఎవరూ నిరూపించలేదు. పైగా లీలా నెట్‌వర్క్ పెద్దదైతే వేగం పడిపోతుంది, నిష్పత్తి పడిపోతుంది, ఆట మాత్రం బలపడవచ్చు.

మిగిలినవి ధర, కరెంటు. కరెంటు లెక్కలో ఆర్‌టీఎక్స్ 3090 కార్డు 350 వాట్లు, రైజెన్ 9 5950ఎక్స్ కాగితం మీద 105 వాట్లు. ధర లెక్క తీస్తే ఇంకో జవాబు. నా ఉద్దేశంలో ఇందులో సరైన జవాబు లేదు. ఏ లెక్కన సమానం చేశారో జాబితా పైన పెద్ద అక్షరాలతో రాయడం ఒక్కటే దారి. ప్రపంచ కంప్యూటర్ చదరంగం పోటీల్లోనూ ఇదే తగువు నడిచింది. 2008లో బీజింగ్‌లో రిబ్కా అనే ఇంజిన్ 40 కోర్ల క్లస్టర్ (కలిపి కట్టిన కంప్యూటర్ల గుంపు) మీద ఆడింది. మరుసటి ఏడాది 8 కోర్ల పరిమితి పెట్టారు. ఆ తర్వాత అందరికీ ఒకే హార్డ్‌వేర్ ఇచ్చే సాఫ్ట్‌వేర్ పోటీ వేరుగా పెట్టారు. రెండు ప్రశ్నలకి రెండు పోటీలు. అది మంచి పనే.

ఎన్ని ఆటలు కావాలి అన్నది త్వరగా చెప్పేస్తాను. సమాన బలం, 60 శాతం డ్రాలు అనుకుంటే 100 ఆటలకి దోషం అటూ ఇటూ 43 పాయింట్లు, 1000కి 14, 10,000కి 4. ఒక్కో ఓపెనింగ్‌నీ రంగులు మార్చి రెండుసార్లు ఆడించండి, దోషం లెక్క కూడా జంటకే కట్టండి.

ప్రశ్నలుంటే అడగండి.

[సభలోంచి ప్రశ్న: క్లౌడ్‌లో మెషిన్లు అద్దెకి తీసుకుని ఆడించొచ్చా?]

తీసుకోవచ్చు, కానీ అక్కడ లెక్కగట్టి ఇచ్చే ఒక వీసీపీయూ అంటే చాలాచోట్ల సగం కోర్, హైపర్‌థ్రెడ్. మిగతా సగంలో ఎవరున్నారో మీకు తెలియదు. మెషిన్ మొత్తం మీదే అయ్యేలా తీసుకోండి. కుదరకపోతే ప్రతి 500 ఆటలకి ఒకసారి బెంచ్ తీసి రాసుకోండి. 5 శాతం మించి ఊగితే ఆ గుంపు ఆటలు వదిలెయ్యండి.

[ఇంకో ప్రశ్న: అర్జున్ ఇరిగైసి 2024 డిసెంబరులో 2801కి వెళ్లాడు. ఇంజిన్ల జాబితాల్లో 3600లు కనిపిస్తాయి. అంటే 800 తేడానా?]

కాదండీ. ఈలో లెక్కలో తేడాలకే అర్థం, అదీ ఒకరితో ఒకరు ఆడుకున్న గుంపులోనే. బేస్‌ఈలో, ఆర్డో లాంటి రేటింగ్ లెక్కకట్టే ప్రోగ్రాముల్లో ఎవరో ఒకరికి ఒక అంకె కట్టి మొత్తాన్ని దానికి వేలాడదీస్తాం. ఆ పడికట్టు రాయి మారిస్తే అందరూ ఒకేసారి పైకో కిందికో జరుగుతారు. ఎస్ఎస్‌డీఎఫ్ వాళ్లు 2000లో మనుషులతో ఆడిన ఫలితాలు చూసి జాబితా మొత్తాన్ని 100 పాయింట్లు దించేశారు. ఆ రోజు ఏ ప్రోగ్రామూ బలహీనపడలేదు. అర్జున్ ఆ ఇంజిన్ల గుంపులో ఒక్క ఆటా ఆడలేదు కాబట్టి ఆ రెండు అంకెల్నీ తీసివెయ్యడానికి లేదు.

[మరో ప్రశ్న: మా కాలేజీ ల్యాబ్‌లో మూడు రకాల మెషిన్లు ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?]

మూడింటి మీదా ఒకే జంటని ఆడించండి. రెండే ఇంజిన్లు, ఒకే ఓపెనింగ్ జాబితా, గడియారం గుణకం ప్రకారం, ఒక్కో రకం మీద 2000 ఆటలు. 60 శాతం డ్రాలైతే ఒక్కోదాని దోషం 10 పాయింట్లు. రెండు పెట్టెలని పోల్చేటప్పుడు రెండిటి దోషం కలిసి 14 అవుతుంది. మూడు స్కోర్లూ ఆ హద్దులో కలిస్తే మీ గుణకం పనిచేస్తోంది, మూడింటినీ కలిపి వాడుకోండి. ఒకటి విడిగా నిలబడితే ముందు దాని బిల్డ్ ఏదో చూడండి, తర్వాత ఏవీఎక్స్2 ఉందో లేదో, ఆ తర్వాత ఫ్యాన్ తిరుగుతోందో లేదో.